వసంతంలో పర్వతారోహణ: సాధన, సామగ్రి, సంయమనం

వసంత ఋతువును తెలుగు కవులు ఎంతగా కొనియాడినారో, దానినే 'బహార్' అని పిలిచి ఉర్దూ కవులును అంతగానే కొనియాడినారు. మన దక్కనులో చైత్ర వైశాఖాలంటే మామిడిపండ్లు, ముదిరే ఎండలు, విద్యార్థులకు పరీక్షల ఆందోళన. సరిగా ఆ దినాలలోనే హిమాలయాలలో పర్వతారోహకులు మంచుమీద గుడారాలు వేసికొని, ఆకాశం వైపు చూస్తూ కూర్చుంటారు. ఈ సాహస క్రీడపై మన విద్యార్థులలో పలువురికి ఆసక్తి కలదు. కాని దానికి ఎట్టి సాధన, ఎట్టి సామగ్రి అవసరమో తెలిసినవారు కొద్దిమందే. ఆ విషయాలను సంగ్రహంగా వివరించుటయే మా ఉద్దేశం.

ఈ క్రీడకు వసంతమే ఎందుకు అనుకూలమన్నది మొదటి ప్రశ్న. ఎవరెస్టు శిఖరం ఎత్తు 8,848.86 మీటర్లు. శీతకాలంలో 'జెట్ ప్రవాహం' అనే ప్రచండ వాయువు గంటకు 160 కిలోమీటర్లను మించిన వేగంతో ఆ శిఖరాన్ని తాకుతూ వీస్తుంది. మే మాసంలో ఋతుపవనం సమీపించే కొద్దీ ఈ ప్రవాహం ఉత్తర దిశకు జరుగుతుంది. ఋతుపవనం వచ్చి విస్తారంగా మంచు కురిపించేలోగా కొన్ని దినాలు మాత్రం గాలి నెమ్మదిస్తుంది. ఆ కొద్ది దినాల కొరకే ఆరోహకులు వారాల తరబడి వేచి ఉంటారు. టెన్సింగ్, హిల్లరీలు తొలిసారిగా ఎవరెస్టును అధిరోహించినది 1953 మే 29న. కోహ్లీ నాయకత్వాన తొమ్మిదిమంది భారతీయులు శిఖరం చేరినది 1965 మే మాసంలో. బచేంద్రీ పాల్ ఆ ఘనత సాధించిన తొలి భారతీయ మహిళ అయినది 1984 మే 23న. ఈ తేదీలన్నీ ఒకే మాసంలో ఉండుట కాకతాళీయం కాదు.

ఇక సాధన. ఎంత ఎత్తుకు పోయినను గాలిలో ప్రాణవాయువు పాలు మారదు. మారేది గాలి పీడనం. ఎవరెస్టుపై అది సముద్రమట్టంలోని పీడనంలో సుమారు మూడవ వంతు. అందుచేత ఒక్కొక్క శ్వాసలో లభించే ప్రాణవాయువు కూడ ఆ మేరకు తగ్గిపోతుంది. శరీరం దీనికి అలవాటు పడగలదు గాని, తొందరపెడితే ఎదురు తిరుగుతుంది. 3,000 మీటర్లు దాటిన పిదప, రాత్రి నిద్రించే చోటు ముందునాటి కంటె 500 మీటర్లకు మించి ఎత్తున ఉండరాదనియు, మూడు నాలుగు దినాలకొకసారి విశ్రాంతి తీసికొనవలెననియు వైద్యులు చెబుతారు. పగలు పైకెక్కి, రాత్రికి దిగివచ్చి నిద్రించుట అనుభవజ్ఞుల పద్ధతి. తలనొప్పి, వికారం, నిద్రలేమి మొదటి హెచ్చరికలు. వీటిని దాచిపెట్టి ముందుకు సాగితే ఊపిరితిత్తులలోనో మెదడులోనో నీరు చేరి ప్రాణాపాయం కలుగును. దానికి ముఖ్యమైన చికిత్స కిందికి దిగుటయే.

ఈ విద్యను శాస్త్రీయంగా నేర్పు సంస్థలు మన దేశంలో ఉన్నవి. డార్జిలింగులో 1954లో స్థాపింపబడిన హిమాలయ పర్వతారోహణ సంస్థలో స్వయంగా టెన్సింగే శిక్షకుడై పనిచేసినాడు. ఉత్తరకాశిలోని నెహ్రూ పర్వతారోహణ సంస్థ 1965లో ఏర్పడినది. ముడులు వేయుట, తాడుతో సహచరుని కాపాడుట, మంచుపై జారినపుడు గొడ్డలి మొన గుచ్చి తనను తాను నిలుపుకొనుట మున్నగునవి అక్కడ నేర్పుతారు.

అయితే మొదటి పాఠం హిమాలయాలలోనే నేర్వవలెనన్న నియమం లేదు. హైదరాబాదుకు సుమారు యాభై కిలోమీటర్ల దూరాన ఉన్న భువనగిరి ఏకశిల మీదనే నిజామాబాదు జిల్లాకు చెందిన మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లాకు చెందిన ఆనంద్ కుమార్ తొలి అడుగులు వేసినారు. ఇరువురును సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థులు. పూర్ణ తలిదండ్రులు వ్యవసాయ కూలీలు. భువనగిరి పిదప డార్జిలింగులోను, లడఖ్ చలిలోను శిక్షణ పొంది, టిబెట్ వైపు నుండి 2014 మే 25న ఎవరెస్టును చేరినారు. అప్పటికి పూర్ణ వయస్సు పద్నాలుగేండ్లు నిండలేదు. ఆ ఒక్క ఉదయం వెనుక నెలల తరబడి సాధన ఉన్నదని మరువరాదు.

సామగ్రిలో మొదట చెప్పవలసినవి దుస్తులు. నూలు బనియను చెమటను పీల్చి తడిగానే ఉండిపోతుంది. చలిలో ఆ తడి ప్రమాదకరం. కనుక చెమటను వెలుపలికి పంపే లోదుస్తు, దానిపై వెచ్చని ఉన్ని, అన్నిటిపైన గాలిని ఆపే కోటు, ఇట్లు పొరలుగా ధరించవలెను. మంచుపై ప్రతిఫలించే ఎండ చూపును దెబ్బతీయును గనుక నల్లకళ్లద్దాలు తప్పనిసరి. బూట్ల అడుగున బిగించే ఉక్కుముళ్ల చట్రాన్ని క్రాంపాన్ అంటారు. నడుముకు కట్టుకొనే పట్టీని తాడుతో కలిపే లోహపు కొక్కెం కారబైనర్. ఆరోహణకు వాడే నైలాను తాడు పడిపోయే మనిషి బరువుకు కొంత సాగి, ఆ కుదుపును తానే భరిస్తుంది. కాని వాడుక తెలియని చేతిలో ఇవన్నీ వట్టి బరువులే.

ఇన్ని ఉన్నను మరొకటి కావలెను. అది వెనుదిరుగగల నిబ్బరం. 1953 మే 26న, అనగా హిల్లరీ, టెన్సింగుల కంటె మూడు దినాల ముందు, అదే దళానికి చెందిన ఇవాన్స్, బోర్డిలన్‌లు దక్షిణ శిఖరం చేరినారు. అసలు శిఖరానికి మిగిలినది సుమారు నూరు మీటర్ల ఎత్తు. కాని ప్రాణవాయు యంత్రం మొరాయించినది, పొద్దు గడిచినది, శరీరాలు అలసినవి. వారు దిగివచ్చినారు, బ్రతికినారు. 1996 మే 10న పలువురు మధ్యాహ్నం రెండు గంటలు దాటిన తరువాత కూడ పైకే సాగినారు. ఆ సాయంకాలం విరుచుకుపడిన తుఫానులో ఎనిమిదిమంది మరణించినారు. వారిలో ముగ్గురు మన దేశీయులు. 2006లో 172 దినాలలో ఏడు ఖండాల అత్యున్నత శిఖరాలను అధిరోహించిన నెల్లూరు జిల్లా వీరుడు మల్లి మస్తాన్ బాబు కూడ 2015లో ఆండీస్ పర్వతాలలో ప్రాణాలు విడిచినాడు. ఎంతటి నిపుణునికైనను కొండ మినహాయింపు ఇవ్వదు.

ఒకనాడు మేము కొందరం మిత్రులం చెప్పులతో, చాలీచాలని నీళ్లతో ఎండవేళ భువనగిరి కొండ ఎక్క మొదలిడినాము. సగం దూరంలో మాలో చిన్నవాడు కళ్లు తిరిగి కూలబడినాడు. అతనిని నీడలో కూర్చుండబెట్టి మిగిలినవారము పైకి పోదామన్న మాట కూడ వచ్చినది. చివరకు అందరము దిగివచ్చినాము. ఆనాడు అది అవమానమనిపించినది. ఇవాన్స్ వృత్తాంతం చదివిన తరువాత, ఆనాడు మేము చేసిన తెలివైన పని అదొక్కటేనని గ్రహించినాము.

కనుక ఈ క్రీడకు పూనుకొను సోదర సోదరీమణులకు మా మనవి ఇది. దగ్గరి కొండతో ఆరంభించండి. తెల్లవారుజామున బయలుదేరండి. మంచి బూట్లు, తగినన్ని నీళ్లు, శిక్షణ పొందిన తోడు ఉండవలెను. ఏ వేళకు వెనుదిరుగవలెనో ఇంటివద్దనే నిర్ణయించి, ఆ మాట పెద్దలకు చెప్పి వెళ్లండి. కొండ ఎక్కడికీ పోదు; వచ్చే వసంతంలోను అక్కడే ఉంటుంది. మరల ఎక్కుటకు మనమును ఉండవలెను.