తూటా కొలత, భుజం బలం

తుపాకీ గొట్టం లోపలి వ్యాసమే క్యాలిబర్. బ్రిటన్, అమెరికాల్లో దీన్ని అంగుళంలో వందో వంతుల్లోనో వెయ్యో వంతుల్లోనో చెబుతారు, యూరప్‌లో మిల్లీమీటర్లలో చెబుతారు. ఎన్‌సీసీ కేడెట్లు ‘పాయింట్ టూటూ’ అని పిలిచే .22 రైఫిల్ గొట్టం సుమారు 5.6 మిల్లీమీటర్లు. మన దేశంలో లైసెన్సుదారుల దగ్గర ఎక్కువగా కనిపించే .315 రైఫిల్ గొట్టం 8 మిల్లీమీటర్లు. వేట నేర్చుకోబోయే పిల్లవాడికి దుప్పి మీద ఏ క్యాలిబర్ పనికొస్తుందన్న ప్రశ్న పైకి ఈ మిల్లీమీటర్ల లెక్కలాగే కనిపిస్తుంది. నిజానికి ఈ అంకె ఒక్కటే తెలిస్తే తుపాకీ గురించి తెలిసేది చాలా తక్కువ.

దీనికి .22 కొలతే మంచి ఉదాహరణ. ఎన్‌సీసీ శిక్షణలో వాడే .22 తూటాలో గుండు బరువు 2.6 గ్రాములు, వేగం సెకనుకు సుమారు 330 మీటర్లు. అమెరికాలో 1964లో వచ్చిన .223 రెమింగ్టన్ తూటాలో గుండు వ్యాసం దాదాపు అంతే, బరువు 3.6 గ్రాములు. కాని దాని వెనకున్న ఇత్తడి గొట్టం పెద్దది, మందు ఎక్కువ. కాబట్టి గుండు సెకనుకు దాదాపు 990 మీటర్ల వేగంతో బయటపడుతుంది. చలనశక్తి బరువుతో పాటు పెరుగుతుంది, వేగం విషయంలో మాత్రం దాని వర్గంతో పెరుగుతుంది. లెక్క వేస్తే మొదటి గుండుకు 140 జౌళ్లు, రెండో దానికి 1,740 జౌళ్లు వస్తాయి. వ్యాసం ఒకటే అయినా శక్తి పన్నెండు రెట్లు. అలాగే .30-30, .308, .30-06 అనే మూడు తూటాల్లోనూ గుండు వ్యాసం 7.8 మిల్లీమీటర్లే. మూడింటికీ తేడా మందు పరిమాణంలోనూ, వేగంలోనూ ఉంది. .30-06లో చివరి రెండంకెలు ఆ తూటా పుట్టిన 1906వ సంవత్సరాన్ని చెబుతాయి.

ఉమ్మడి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కొండల్లో ఈ కొలతలేవీ లేని కాలం చాలా ఉంది. సీతంపేట, పాలకొండ, కురుపాం, సాలూరు అడవుల్లో సవరలు, జాతాపులు, కొండదొరలు విల్లమ్ములతో వేటాడేవారు. తరువాత నాటు తుపాకీ వచ్చింది. గొట్టం మూతి నుంచి మందు పోసి, గుడ్డ కూరి, సీసపు గుళ్లు వేసి, చువ్వతో దట్టించి పేల్చే ఆయుధమది. దాని గొట్టం నున్నగా ఉంటుంది. రైఫిల్ గొట్టంలో మెలితిరిగిన గాళ్లు గుండును బొంగరంలా తిప్పుతాయి, ఆ తిరుగుడే దాని దారిని నిలబెడుతుంది. నాటు తుపాకీ గుండుకు ఆ తిరుగుడు లేదు. పైగా గుండ్రని సీసం గాలిలో తొందరగా వేగం కోల్పోతుంది. కొద్ది దూరం దాటితే అది ఎటు పోతుందో పేల్చినవాడికే తెలియదు. తగిలినా జంతువు గాయంతోనే అడవిలోకి పారిపోయి రోజుల తరబడి నరకయాతన పడుతుంది. మందు ఎక్కువై గొట్టం పగిలితే వేలు, కన్ను పోయేది పేల్చిన మనిషికే.

మైదానంలో ఊరి పెద్దల దగ్గర ఉండేది 12 బోరు తుపాకీ. బోరు లెక్క క్యాలిబర్ లెక్కకు తలకిందులు. ఒక పౌను సీసాన్ని పన్నెండు సమాన గుండ్లుగా చేస్తే వాటిలో ఒక గుండు సరిగ్గా పట్టే గొట్టం 12 బోరు, అంటే సుమారు 18.5 మిల్లీమీటర్లు. అంకె పెరిగేకొద్దీ గొట్టం సన్నబడుతుంది. దీనికి వాడే ఎస్‌జీ, ఎల్‌జీ తూటాల్లో పెద్ద సీసపు గుళ్లు కొన్ని కలిసి ఉంటాయి. ముప్పై నలభై మీటర్లు దాటితే అవి చెదిరిపోతాయి.

జమీందార్ల వేటకు ఇంగ్లండ్ నుంచి దిగుమతైన జంట గొట్టాల రైఫిళ్లు ఉండేవి. వాటి కొలతలను తేల్చింది అడవి అవసరం ఒక్కటే కాదు, పాలకుల భయం కూడా. సైన్యం వాడిన మార్టినీ హెన్రీ తుపాకీ కొలత .450. ఆ కొలత గుండ్లు తిరుగుబాటుదారుల చేతికి చేరతాయన్న అనుమానంతో 1907లో బ్రిటిష్ ప్రభుత్వం .450 రైఫిళ్లను భారతదేశంలోకి రానివ్వకుండా ఆపింది. దాంతో ఇంగ్లండ్ తుపాకీ తయారీదార్లు .470 వంటి కొత్త కొలతలవైపు మళ్లారు. సైన్యపు .303 కూడా సామాన్యులకు నిషిద్ధమే, నేటికీ అంతే. ఆ ఖాళీని నింపినది .315. ఆస్ట్రియా సైన్యం ఒకప్పుడు వాడిన 8 మిల్లీమీటర్ల మాన్‌లికర్ తూటాయే దీనికి మూలం. స్వాతంత్ర్యం తరువాత కూడా ప్రభుత్వ ఆయుధ కర్మాగారాలు .315 రైఫిళ్లు తయారుచేస్తూ వచ్చాయి. అంటే ఇక్కడి మనిషి చేతిలోని కొలతను నిర్ణయించింది దుప్పి ఒళ్లు కాదు, చట్టం.

జంతువు వైపు నుంచి చూస్తే లెక్క మారుతుంది. తూర్పు కనుమల అడవుల్లో చుక్కల దుప్పి మగది 70 నుంచి 90 కిలోలు, ఆడది 40 నుంచి 60 కిలోలు తూగుతుంది. కణుజు దానికి రెండు మూడింతలు. కుక్కలా మొరిగే చిన్న దుప్పి పాతిక కిలోలకు అటూ ఇటూ. ఇంత తేడా ఉన్న జంతువులన్నిటికీ ఒకే తూటా సరిపోదు. వేటను అనుమతించే దేశాలు దీన్ని చట్టంలోనే రాసుకున్నాయి. ఇంగ్లండ్, వేల్స్‌లలో 1991 నాటి జింకల చట్టం ప్రకారం రైఫిల్ కొలత .240కి తగ్గకూడదు, గుండు గొట్టం దాటేటప్పటి శక్తి 2,305 జౌళ్లకు తగ్గకూడదు. మన మొరిగే దుప్పికి దగ్గరి చుట్టమైన ముంట్‌జాక్ అక్కడ కూడా ఉంది. చిన్న జంతువు కాబట్టి దానికి .220 కొలత, 1,356 జౌళ్లు చాలు. ఈ హద్దుల ఉద్దేశం ఒక్కటే: గుండు తగిలిన జంతువు యాతన పడకుండా క్షణాల్లో చనిపోవాలి. 140 జౌళ్ల .22 గుండు కూడా దుప్పిని చంపగలదు, కాని చాలాసార్లు గంటల తరువాత, ఎక్కడో పొదలో. దాన్ని దుప్పి మీద పేల్చడం క్రూరత్వం.

గుండు నిర్మాణానికీ ఇందులో పాలుంది. వేట గుండు ముక్కు మెత్తని సీసంతో ఉంటుంది. ఒంట్లోకి దిగగానే విచ్చుకుని ఊపిరితిత్తులను, రక్తనాళాలను చీలుస్తుంది. పైనంతా గట్టి లోహపు తొడుగున్న సైనిక గుండు సన్నని రంధ్రం చేసుకుని అవతలికి దూసుకుపోతుంది, జంతువు పరుగెత్తుతూనే ఉంటుంది.

శక్తి ఎక్కువైతే మేలనుకుంటే పిల్లవాడికి పెద్ద రైఫిలే ఇవ్వాలి. ఎంపిక తప్పేది ఇక్కడే. గుండు ముందుకు ఎంత ద్రవ్యవేగంతో పోతుందో తుపాకీ అంత ద్రవ్యవేగంతోనే వెనక్కి వస్తుంది. మందు కాలి వెలువడే వాయువు కూడా దానికి తోడవుతుంది. దీన్నే తుపాకీ తన్నడం అంటారు. 3.4 కిలోల రైఫిల్‌లో 11.7 గ్రాముల గుండుతో .30-06 పేలిస్తే తుపాకీ సెకనుకు నాలుగు మీటర్ల వేగంతో భుజాన్ని గుద్దుతుంది. ఆ తన్నులో శక్తి 29 జౌళ్ల దాకా ఉంటుంది. అదే బరువు రైఫిల్‌లో 6.5 గ్రాముల గుండున్న .243 అయితే తన్ను 13 జౌళ్లు. 7 మిల్లీమీటర్ల 7ఎంఎం-08 తూటాకు 18 జౌళ్లు, .308కి 21. రెండున్నర కిలోల .22 రైఫిల్‌కు పావు జౌలు కూడా ఉండదు. ముందుకు పోయే శక్తిలో .30-06 గుండు .243 గుండుకు ఒకటిన్నర రెట్లు, వెనక్కి తన్నడంలో రెండింతలకు పైగా. భుజం చెల్లించే ధర అడవిలో దక్కే లాభం కన్నా వేగంగా పెరుగుతుంది.

తుపాకీ బరువు కూడా ఈ లెక్కలో భాగమే. పిల్లలు మోయలేరని తేలిక రైఫిల్ కొనడం చాలామంది పెద్దలు చేసే పని. తూటా మారకుండా రైఫిల్ బరువు సగమైతే తన్ను శక్తి రెట్టింపవుతుంది. 3.4 కిలోల రైఫిల్‌లో 13 జౌళ్లు తన్నే .243, 2.7 కిలోల పిల్లల రైఫిల్‌లో 16 జౌళ్లు తన్నుతుంది. భుజానికి ఆనే కర్ర పొడవు కూడా చేతికి తగ్గట్టు ఉండాలి. పెద్దల రైఫిల్‌లో ట్రిగ్గర్ నుంచి కర్ర చివరికి 34 నుంచి 35 సెంటీమీటర్లు ఉంటే, పన్నెండేళ్ల పిల్లలకు 32 దగ్గర ఉంటేనే కన్ను రైఫిల్ మీది దూరదర్శిని వెనక సరిగా నిలుస్తుంది. పొడవు ఎక్కువైతే తుపాకీ భుజం గుంట వదిలి చేతి కండ మీద కూర్చుంటుంది, తన్ను మరింత నొప్పి పెడుతుంది.

తన్నుకు శబ్దం తోడవుతుంది. రైఫిల్ పేలుడు 150 డెసిబెల్స్ దాటుతుంది. చెవికి శాశ్వత హాని చేయడానికి 140 చాలు. చెవులు కప్పుకోకుండా రెండు మూడు సార్లు పెద్ద రైఫిల్ పేల్చిన పిల్లవాడి ఒళ్లు ఆ దెబ్బను గుర్తుపెట్టుకుంటుంది. తరువాతి సారి ట్రిగ్గర్ కదలకముందే కళ్లు మూసుకుంటాయి, భుజం ముందుకు తోస్తుంది, వేలు ట్రిగ్గర్‌ను గుంజుతుంది. ఈ ఉలికిపాటు అతనికే తెలియదు. శిక్షకులు దాన్ని పట్టుకోవడానికి నిజం తూటాల మధ్య ఉత్త డమ్మీ తూటాను చెప్పకుండా పెడతారు. పేలుడు లేకపోయినా గొట్టం మూతి కిందికి దిగితే జబ్బు బయటపడినట్టే. ఒకసారి అలవాటైన ఉలికిపాటు వదలడానికి నెలలు పడుతుంది, కొందరికి వదలదు.

దాని ఫలితం కొలతల్లో చెప్పవచ్చు. చుక్కల దుప్పి గుండె, ఊపిరితిత్తులు కలిసి ఉండే చోటు సుమారు 20 సెంటీమీటర్ల వెడల్పు. నూరు మీటర్ల దూరంలో దాని మధ్యకు గురిపెట్టినప్పుడు గొట్టం డిగ్రీలో పదిహేడో వంతు పక్కకు జరిగితే చాలు, గుండు ఆ చోటు దాటిపోతుంది. ఒక పూర్తి డిగ్రీ తప్పితే దూరం 175 సెంటీమీటర్లు. ఉలికిపాటు వల్ల కలిగే కదలికకు పదిహేడో వంతు చాలా తక్కువ. పొట్టలో దిగిన .30-06 కంటే ఊపిరితిత్తుల్లో దిగిన .243 వెయ్యి రెట్లు దయగలది. కాబట్టి కొత్తవాళ్లకు క్యాలిబర్ ఎంచుకోవడమంటే జంతువుకు చాలినంత శక్తి ఉన్న తూటాల్లో అతి తక్కువగా తన్నే దాన్ని వెతకడం.

ఈ ఎంపిక శ్రీకాకుళం అడవిలో చేయడానికి వీల్లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను కట్టడి చేసింది, 1991 సవరణ సరదా వేటకు లైసెన్సులిచ్చే పద్ధతిని పూర్తిగా తీసేసింది. చుక్కల దుప్పి, కణుజు, మొరిగే దుప్పి, కృష్ణ జింక అన్నీ దాని రక్షణలోనివే. కృష్ణ జింక వంటి మొదటి షెడ్యూల్ జంతువును చంపితే శిక్ష మూడేళ్లకు తగ్గని జైలు, అది ఏడేళ్ల దాకా పోవచ్చు. ఆయుధ చట్టం ప్రకారం 21 ఏళ్లు నిండనిదే తుపాకీ లైసెన్సు లేదు. ఇవి ఉండాల్సిన చట్టాలే. కనుమల్లో దుప్పులు ఒకప్పటంత లేవు.

ఇదే చుక్కల దుప్పి తుపాకీకి చట్టబద్ధంగా ఎదురయ్యే చోటు అమెరికాలోని టెక్సస్. 1932లో అక్కడికి తెచ్చిన మన దుప్పులు ఆస్టిన్‌కు పడమర ఉన్న కొండ ప్రాంతంలో విపరీతంగా పెరిగి, స్థానిక తెల్లతోక జింకల మేతకు పోటీ అయ్యాయి. బయటి జాతి కాబట్టి వాటి వేటకు అక్కడ ఏడాదిలో ఫలానా కాలమంటూ లేదు. డాలస్, హ్యూస్టన్, ఆస్టిన్‌లలో తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో ఉన్నాయి, వాళ్ల పిల్లలకు ఈ ప్రశ్న ఊహ కాదు. ఆ రాష్ట్రంలో 1971 సెప్టెంబరు 2న గాని ఆ తరువాత గాని పుట్టినవారు వేట శిక్షణ పాఠం పూర్తిచేయాలి, తొమ్మిదేళ్ల నుంచే ధ్రువపత్రం ఇస్తారు. తెల్లతోక జింక మీద .22 వంటి రిమ్‌ఫైర్ తూటాలు అక్కడ నిషిద్ధం.

అక్కడ కొత్తవాళ్లకు ఎక్కువగా సూచించేవి మూడు: 1955లో వచ్చిన .243 వించెస్టర్, 1980లో వచ్చిన 7ఎంఎం-08 రెమింగ్టన్, 2007లో వచ్చిన 6.5 క్రీడ్‌మూర్. .243 గుండు శక్తి 2,600 జౌళ్లు, ఇంగ్లండ్ హద్దుకు కొంచెం పైన. 6.5 గ్రాముల మెత్తని ముక్కు గుండుతో నూట యాభై మీటర్ల లోపు చుక్కల దుప్పికి అది చాలు. జంతువు పక్కకు తిరిగి ఉన్నప్పుడు ఊపిరితిత్తులకు తప్ప మరెక్కడా గురిపెట్టకూడదన్నది దానికి షరతు. పదిహేనేళ్లు దాటి ఒళ్లు గట్టిపడ్డ పిల్లలకు మిగతా రెండూ మేలు. గుండు 9 గ్రాముల పైబడి ఉంటుంది, శక్తి 3,100 నుంచి 3,300 జౌళ్లు, తన్ను .30-06లో మూడింట రెండు వంతుల లోపే. కణుజంత జంతువుకు .243 వద్దు. .223ని దాని చిన్న తన్ను చూసి పిల్లలకిచ్చేవారున్నారు. కాని 1,740 జౌళ్ల ఆ గుండుతో చిన్న పొరపాటుకైనా చోటుండదు, పొరపాట్లు ఎక్కువ చేసేది కొత్తవాళ్లే.

ఉత్తరాంధ్రలో పిల్లలకు తెరిచి ఉన్న దారి గురి కాల్పుల క్రీడ. 4.5 మిల్లీమీటర్ల ఎయిర్ రైఫిల్ పది జౌళ్ల లోపు శక్తితో గుండును పంపుతుంది, తన్ను దాదాపు లేదు. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో అభినవ్ బింద్రా స్వర్ణం, 2012 లండన్‌లో హైదరాబాద్‌కు చెందిన గగన్ నారంగ్ కాంస్యం గెలిచింది ఈ కొలత మీదే. తరువాతి మెట్టు .22. 1962లో విజయనగరం రాజు పి.వి.జి. రాజు ఇచ్చిన భవనంలో మొదలైన కోరుకొండ సైనిక్ స్కూలు విద్యార్థులకూ, శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కళాశాలల కేడెట్లకూ ఎన్‌సీసీ ద్వారా దాంతో పరిచయం కలుగుతుంది. ఊపిరి ఆపడం, ట్రిగ్గర్‌ను మెల్లగా నొక్కడం, పేలిన తరువాత కూడా గురి వదలకపోవడం అన్నీ .22 మీద నేర్చుకోదగినవే. పెద్ద రైఫిల్ పట్టేవాడికీ ఇవే కావాలి. అంతర్జాతీయ పోటీల్లో 50 మీటర్ల రైఫిల్ లక్ష్యం మీద పది మార్కుల వలయం వెడల్పు 10.4 మిల్లీమీటర్లు, పది మీటర్ల ఎయిర్ రైఫిల్ లక్ష్యం మీద అర మిల్లీమీటరు చుక్క.