కుడి ఎడమల స్ఫటికములు

ఇంటిలోని మూడు రెక్కల విద్యుత్ పంకాను ఆపి ఒక్కమారు పరిశీలింతము. దానిని వృత్తములో మూడవ వంతు త్రిప్పినచో, త్రిప్పినట్లే తెలియదు. ఈ గుణమునే సౌష్ఠవ మందురు. కాని అద్దములోని ప్రతిబింబమున రెక్కల వాలు తారుమారై కనిపించును. అట్టి పంకాను చేయించి, మన పంకా తిరుగు దిక్కుననే త్రిప్పినచో గాలి క్రిందికి రాక పైకి పోవును. కనుక సౌష్ఠవ మున్నంత మాత్రమున కుడి ఎడమల భేదము తొలగిపోదు.

స్ఫటికములయందును ఇదియే విశేషము. త్రిప్పుట, అద్దమునందువలె మార్చుట, కేంద్రము మీదుగా తలక్రిందులు చేయుట మొదలగు క్రియలలో ఏవి స్ఫటికాకృతిని యథాతథముగా నుంచునో, వాని కూటమికి బిందు సమూహమని పేరు. ఇవి మొత్తము 32. వీనిలో త్రిప్పుట మాత్రమే గలవి 11. ఈ 11 వర్గముల స్ఫటికములకే కుడి ఎడమల భేదము కలదు. వంటింటి ఉప్పు స్ఫటికమునకు దర్పణ తలము లున్నవి. కనుక దానికిని దాని ప్రతిబింబమునకును భేదము లేదు. కలకండ స్ఫటికమునకు ఒక్క భ్రమణాక్షమే కలదు. దాని ప్రతిబింబము వేరు.

ఈ భేదము ఎంతటి రహస్యమును విప్పినదో చూతము. ద్రాక్షసారాయపు మడ్డినుండి లభించు టార్టారిక్ ఆమ్లము ధ్రువిత కాంతిని ఒక వైపునకు త్రిప్పును. అదే సంఘటనము గల రేసిమిక్ ఆమ్లము త్రిప్పదు. కారణ మెవ్వరికిని తోచలేదు. 1848లో పారిస్ నగరమున 25 ఏండ్ల లూయీ పాశ్చర్, రేసిమిక్ ఆమ్లపు సోడియం అమ్మోనియం లవణమును స్ఫటికీకరించి, కొన్నిటి చిన్న ముఖములు కుడికిని, కొన్నిటివి ఎడమకును వాలియుండుట గమనించెను. వానిని చేతితో ఏరి వేరుచేసి నీటిలో కరగించెను. ఒక ద్రావణము కాంతిని కుడికి, రెండవది ఎడమకు త్రిప్పెను! సమముగా కలిపినచో రెండును శమించెను. వృద్ధ శాస్త్రవేత్త బియో ఈ మాట వెంటనే నమ్మక, తాను సమకూర్చిన పదార్థములతో తన యెదుటనే మరల చేయించి చూచి తృప్తి చెందెను. ఈ లవణము సుమారు 27 డిగ్రీల సెంటీగ్రేడునకు లోబడిననే రెండు తెగలుగా విడివడును. మన వేసవిలో ఈ రహస్యము దాగియే యుండెడిది.

స్ఫటికముల కుడి ఎడమలు వాని అణువులలోనే కలవని పాశ్చర్ గ్రహించెను. మన శరీరమునకును ఈ భేదము తెలియును. పార్కిన్సన్ వ్యాధికి వాడు లెవోడోపా యను మందులో రెండు రూపములలో ఎడమ రూపమును మాత్రమే ఇత్తురు. కుడి చెప్పు ఎడమ కాలికి ఇమడనట్లే, అద్దములోని మందు మన దేహమున కిమడదు.