పైపులను వెల్డింగ్ చేసే ముందు: క్లాంపు ఎంపిక

4.1 ఉపోద్ఘాతం

మాదాపూర్‌లో సైబర్ టవర్స్ 1998లో ప్రారంభమైంది. ఆ తరువాత గచ్చిబౌలి, కొండాపూర్, నానక్‌రాంగూడ వైపు అద్దాల భవనాలు వరుసగా లేచాయి. దారిన పోయేవారికి అద్దాలు కనిపిస్తాయి, లోపలికి వెళ్లేవారికి కంప్యూటర్లు కనిపిస్తాయి. వీటన్నిటినీ పనిచేయించే ఉక్కు పైపులు మాత్రం సెల్లార్‌లోనో, లిఫ్టు పక్కన ఉన్న షాఫ్టులోనో, ఫాల్స్ సీలింగ్ పైనో ఎవరికీ కనబడకుండా ఉంటాయి. చిల్లర్ యంత్రాల నుంచి సుమారు 7 డిగ్రీల సెల్సియస్ వద్ద బయలుదేరిన నీరు అంతస్తులన్నీ తిరిగి, గదుల వేడిని తీసుకుని దాదాపు 12 డిగ్రీలతో వెనక్కు వస్తుంది. ఈ పైపుల మీద ఇన్సులేషన్ చుట్టి ఉంటుంది కాబట్టి ఏ జాయింటు ఎలా ఉన్నదో తరువాత ఎవరూ చూడలేరు. చూడగలిగేది వెల్డింగ్‌కు ముందే.

ఈ పాఠం ఆ 'ముందు' గురించి. రెండు పైపు కొసలను ఎదురెదురుగా నిలిపి, కదలకుండా పట్టి ఉంచే సాధనమే అలైన్‌మెంట్ క్లాంపు. దాన్ని ఎలా ఎంచుకోవాలో తెలుసుకోవాలంటే మొదట అది ఏ పని చేయగలదో, ఏ పని చేయలేదో తెలియాలి.

4.2 ఒక అనుభవం

కొన్నేళ్ల క్రితం ఈ కారిడార్‌లోని ఒక భవనంలో చల్లనీటి పైపు కారుతున్నదని నన్ను చూడమన్నారు. సంస్థ పేరు ఇక్కడ అనవసరం. 150 మిల్లీమీటర్ల పైపుకు ఎల్బో అతికిన చోట కారుతోంది. నేను వెళ్లేసరికే తీర్పు అయిపోయింది: తప్పు వెల్డర్‌ది, అతని బిల్లులో కోత పెట్టారు. ఆ జాయింటును ఉంగరంలా కోయించి లోపలి వైపు చూశాము. పైభాగాన ఒక మెట్టు, కింది భాగాన దానికి ఎదురు దిశలో ఇంకొక మెట్టు ఉన్నాయి. ఒక్కొక్కటి రెండు మిల్లీమీటర్ల పైచిలుకు. రూట్ పాస్‌లో కరిగిన లోహం ఒక అంచును పట్టుకుని రెండవ అంచును వదిలేసింది. అటువంటి అంచుల మీద ఎంత చేయి తిరిగిన వెల్డర్ అయినా మంచి రూట్ వేయలేడు.

ఆ రోజు జాయింటును ఎలా కలిపారని ఫిట్టర్‌ను అడిగితే, 'యాంగిల్ ఐరన్‌లో పెట్టి కట్టాను సార్, ఎప్పుడూ అలాగే చేస్తాము' అన్నాడు. అతను అబద్ధం చెప్పలేదు, నిర్లక్ష్యమూ చేయలేదు. చిన్న పైపులకు అది మంచి పద్ధతే. ఇక్కడ ఎందుకు చెడిందో లెక్క వేసి చూద్దాము.

4.3 లెక్క

మన దేశంలో చల్లనీటి లైన్లకు 150 మి.మీ. వరకు ఐ.ఎస్. 1239 ప్రమాణపు పైపులు, అంతకు పైన ఐ.ఎస్. 3589 పైపులు వాడటం పరిపాటి. ఐ.ఎస్. 1239 ప్రకారం 150 మి.మీ. పైపు బయటి వ్యాసం 165.1 మి.మీ. హెవీ తరగతి అయితే, అంటే సైటులో 'సి-క్లాస్' అనేది అయితే, దాని గోడ మందం 5.4 మి.మీ. ఎల్బోలు మాత్రం చాలాసార్లు అమెరికన్ కొలతతో వస్తాయి. ఆ లెక్కన ఆరు అంగుళాల ఎల్బో బయటి వ్యాసం 168.3 మి.మీ., షెడ్యూల్ 40 మందం 7.11 మి.మీ.

లోపలి వ్యాసాలు చూడండి. పైపుది 165.1 నుంచి 10.8 తీసివేస్తే 154.3 మి.మీ. ఎల్బోది 168.3 నుంచి 14.22 తీసివేస్తే 154.08 మి.మీ. లోపలి వైపు రెండూ దాదాపు ఒకటే! కేంద్రాలు కలిస్తే రూట్ దగ్గర మెట్టే ఉండదు. తేడా అంతా బయట, చుట్టూ 1.6 మి.మీ. చొప్పున ఉంటుంది.

ఇప్పుడు ఈ రెండింటినీ 90 డిగ్రీల యాంగిల్ ఐరన్‌లో పడుకోబెట్టండి. యాంగిల్ మూల నుంచి పైపు కేంద్రం ఎత్తు వ్యాసార్ధానికి 1.414 రెట్లు. వ్యాసార్ధాల తేడా 1.6 మి.మీ. కనుక ఎల్బో కేంద్రం పైపు కేంద్రం కన్నా 1.6 × 1.414, అంటే 2.26 మి.మీ. పైకి వెళ్తుంది. యాంగిల్‌కు ఆనిన రెండు గీతల దగ్గర బయటి తలాలు చక్కగా కలిసి కనిపిస్తాయి. చేయి పెట్టి తడిమిన ఫిట్టర్ తృప్తి పడతాడు. లోపల మాత్రం పైన 2.1, కింద 2.4 మి.మీ. చొప్పున మెట్లు ఏర్పడతాయి. 5.4 మి.మీ. గోడలో అది నలభై శాతం దాకా పోయినట్టే. కోసి చూసిన ఉంగరంలో మేము కొలిచినదీ దాదాపు ఇదే.

ఇంత లెక్క అక్కర లేకుండానే ఆ తేడాను పట్టుకోవచ్చు. దర్జీ టేపును పైపు చుట్టూ తిప్పితే 519 మి.మీ. వస్తుంది, ఎల్బో చుట్టూ తిప్పితే 529. సెంటీమీటరు తేడా కంటికి కనబడుతుంది. కొలిచి ఉంటే ఆ వెల్డర్ డబ్బు అతనికి దక్కేది.

4.4 చుట్టుకొలత చెప్పే సంగతి

రెండు కొసలు కలవకపోవటానికి మూడు కారణాలు ఉండవచ్చు. మూడింటికీ మందు వేరు.

చుట్టుకొలతలు ఒకటే అయి, అయినా ఒకచోట మెట్టు, ఇంకొకచోట దానికి వ్యతిరేకంగా మెట్టు కనబడితే, ఒక పైపు కోలగా ఉన్నదన్నమాట. లారీలో ఒకదాని మీద ఒకటి పేర్చిన పెద్ద పైపులకు ఇది మామూలే. ముందు పైపును తిప్పి, రెండింటి ఎత్తు భాగాలు ఒకేచోటికి వచ్చేటట్టు చూడాలి. డబ్బు ఖర్చు లేని ఈ పనిని చాలామంది చేయరు. అప్పటికీ మిగిలిన కోలదనాన్ని నొక్కి గుండ్రం చేయటానికి విడివిడి స్క్రూలు ఉన్న క్లాంపు కావాలి.

చుట్టుకొలతలే వేరైతే ఏ క్లాంపూ వాటిని సమానం చేయలేదు. మన ఎల్బో సంగతి ఇదే. ఇక్కడ చేయగలిగింది తేడాను చుట్టూ సమానంగా పంచటం. అందుకు కూడా ఒకవైపు కొసను విడిగా సర్దగల స్క్రూలు ఉండాలి. మామూలు పట్టీ లాంటి క్లాంపు పెద్ద వ్యాసం మీద బిగుసుకుంటుంది, చిన్నది దానిలో వదులుగా ఆడుతుంది. అసలు మంచి మార్గం కొనుగోలు దశలోనే 168.3 మి.మీ. వ్యాసం గల ఐ.ఎస్. 3589 పైపును తెప్పించటం.

మూడవ కారణం, పైపుల అక్షాలు ఒకే గీత మీద లేకపోవటం. ఇది క్లాంపు పని కాదు. సపోర్టులు, చైన్ పుల్లీ, రసమట్టం చేయవలసిన పని. దీన్ని క్లాంపుతో సాధించాలని చూడటమే సైట్లలో నేను ఎక్కువగా చూసిన పొరపాటు. ఒక చిన్న పరీక్ష పెట్టుకోండి: టాక్ వేయక ముందు క్లాంపును వదులు చేయండి. కొసలు ఉన్నచోటే ఉంటే మంచిది. విల్లులా ఎగిరి పక్కకు పోతే, మీరు బిగించింది పైపును కాదు, ఒక స్ప్రింగును. ఆ బలం వెల్డింగ్ తరువాత ఎక్కడికీ పోదు. పంపు ఫ్లాంజి దగ్గరైతే అది పంపు షాఫ్టునే పక్కకు లాగుతుంది. బేరింగులు త్వరగా పాడవుతాయి, కారణం మాత్రం పంపులో వెతుకుతారు.

4.5 క్లాంపుల రకాలు

యాంగిల్ లేదా 'వి' క్లాంపు: రెండు అంగుళాలు, ఆ చుట్టుపక్కల వ్యాసాలకు, ఒకే బయటి వ్యాసం గల కొసలకు బాగా పనికివస్తుంది. చవక, త్వరగా పడుతుంది. దాని పరిమితి పైన చూశాము.

చైన్ క్లాంపు: గొలుసును పైపు చుట్టూ తిప్పి బిగిస్తారు. ఒకే గొలుసు ఎన్నో వ్యాసాలకు సరిపోతుంది, ఎల్బో, టీ, ఫ్లాంజిలకు కూడా అమర్చుకోవచ్చు. చుట్టూ జాక్ స్క్రూలు ఉన్న రకం అయితే కోలదనాన్ని సరిచేస్తుంది, తేడాను పంచుతుంది. లోపం ఏమిటంటే బిగించటానికి సమయం పడుతుంది, ఓపిక ఉన్న మనిషి కావాలి. ఒక స్క్రూ బిగిస్తే దాని ఎదురుది వదులు చేయాలన్న సంగతి తెలియని వాడి చేతిలో గుండ్రని పైపు కూడా కోలగా మారుతుంది.

కేజ్ క్లాంపు: పంజరంలా రెండు ఉంగరాలు, వాటి మధ్య అడ్డకడ్డీలు. మీట వేస్తే మూసుకుంటుంది. ఒక క్లాంపు ఒకే వ్యాసానికి. అడ్డకడ్డీలు తిన్నగా ఉంటే వాటి కింద ఎలక్ట్రోడ్ పట్టదు, కాబట్టి కడ్డీల మధ్య భాగాలు వేసి, క్లాంపు తీసి, మిగతాది వేయాలి. వంపు కడ్డీల రకంలో వాటి కింద నుంచి కూడా రూట్ వేయవచ్చు.

వీటిలో ఏది అన్నది జాయింట్ల సంఖ్యను బట్టి తేలుతుంది. ఒకే వ్యాసంలో రెండువందల జాయింట్లు ఉంటే కేజ్ క్లాంపు కొనండి, మిగిలిన సమయమే దాని ధర తీరుస్తుంది. చిల్లర్ గదిలో ఆరు రకాల వ్యాసాలు, ఒక్కొక్కదానికి అయిదేసి జాయింట్లు అయితే ఒక మంచి చైన్ క్లాంపు చాలు. ధరల పట్టిక చూసి ఎంచుకునేవారు డ్రాయింగులో జాయింట్లు లెక్క పెట్టరు, అదే నా ఫిర్యాదు.

క్లాంపే లేకుండా పైపు మీద ఉక్కు ముక్కలను టాక్ చేసి, వాటి మధ్య చీల కొట్టి సరిచేసే పద్ధతి కూడా ఉన్నది. మనిషి లోపలికి దూరగల పెద్ద నీటి పైపుల్లో దానికి చోటున్నది. చిన్న పైపుల మీద నేను ఒప్పుకోను. ఆ ముక్కలను సుత్తితో కొట్టి ఊడదీస్తే పైపు లోహం కూడా చిరుగుతుంది. గ్రైండ్ చేసి తీసి, ఆ చోట పగుళ్లున్నాయేమో పరీక్షించాలి.

4.6 కందకంలో

భవనాల నుంచి రోడ్డు మీదికి వద్దాము. గెయిల్, హెచ్.పి.సి.ఎల్. సంస్థల ఉమ్మడి సంస్థగా 2003లో ఏర్పడిన భాగ్యనగర్ గ్యాస్ లిమిటెడ్ నగరంలో సహజవాయువు సరఫరా చేస్తున్నది. నగర గ్యాస్ సరఫరాలో ఎక్కువ పీడనం ఉండే ప్రధాన లైన్లు ఉక్కువి. కాలనీల లోపలికి వెళ్లే లైన్లు పాలిథిలీన్‌వి. వాటిని వెల్డర్ కాక విద్యుత్తుతో కరిగే కప్లింగ్ అతుకుతుంది. అక్కడ కూడా చల్లారేదాకా కొసలు కదలకుండా క్లాంపు ఉండవలసిందే.

ఊళ్ల మధ్య పొలాల్లో వేసే లైన్లలో లోపలి క్లాంపు రాజు. పైపు లోపలికి దూరి, గాలి పీడనంతో కాళ్లు చాపి రెండు కొసలనూ లోపలి నుంచి పట్టుకుంటుంది. రూట్ వేసేది లోపలి అంచుల దగ్గరే కనుక, సరిగ్గా ఆ అంచులనే కలపటం దాని గొప్ప. కాని దాన్ని ఒక పైపు నిడివి దాటి పొడవైన కడ్డీతో నడపాలి, పని అయ్యాక తెరిచి ఉన్న కొస నుంచి బయటికి లాగాలి. గచ్చిబౌలి వంటి చోట గ్రానైట్ తొలిచి తీసిన ఇరుకు కందకంలో, కేబుళ్లను తప్పించుకుంటూ వంపులు తిరిగే లైనులో అది సాగదు. రెండువైపులా పూర్తయిన లైన్లను కలిపే చివరి జాయింటులోనైతే దాన్ని బయటికి తీసే దారే ఉండదు. కనుక బయటి క్లాంపే గతి. దానికీ పైపు కింద చేయి తిరిగేంత గొయ్యి కావాలి. బండ మీద ఆనిన పైపు చుట్టూ గొలుసు తిరగదు కదా! కందకం తవ్వేవారికి ఈ మాట ముందే చెప్పాలి.

బయటి క్లాంపును ఎప్పుడు తీయాలి? పైప్‌లైన్ వెల్డింగ్‌కు ప్రపంచమంతటా అనుసరించే అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ 1104 ప్రమాణం ప్రకారం రూట్ భాగాలు చుట్టూ సమానమైన ఎడంతో ఉండాలి, వాటి మొత్తం పొడవు చుట్టుకొలతలో సగమైనా కావాలి. ఆ తరువాతే క్లాంపు తీయాలి. ఒకే మందం గల కొసల మధ్య మెట్టు 3 మి.మీ. మించకూడదని కూడా అదే ప్రమాణం చెబుతుంది. ఇది గరిష్ఠ పరిమితి, లక్ష్యం కాదు. పలచని పైపుకు 3 మి.మీ. చాలా ఎక్కువ అని మన ఎల్బో లెక్కలోనే చూశారు.

4.7 మరికొన్ని జాగ్రత్తలు

జీడిమెట్ల, పాశమైలారం వైపు ఔషధ పరిశ్రమల్లో పనిచేసే విద్యార్థులు మీలో ఉండవచ్చు. అక్కడి స్టెయిన్‌లెస్ పైపులకు మామూలు ఉక్కు క్లాంపు తగిలితే ఇనుప రేణువులు అంటుకుని, తరువాత అక్కడ తుప్పు మచ్చలు లేస్తాయి. తాకే భాగాలు స్టెయిన్‌లెస్‌వై ఉండాలి. మామూలు ఉక్కుకు వాడిన క్లాంపును దీనికి వాడకూడదు.

వెల్డింగ్ ఎర్త్‌ను క్లాంపుకు తగిలించవద్దు. విద్యుత్తు గొలుసు లింకుల గుండా పోయి, అవి పైపుకు ఆనిన చోట కాలిన మచ్చలు పడతాయి. షాఫ్టులో నిలువు పైపుకు బిగించేటప్పుడు క్లాంపును ముందు తాడుతో కట్టండి. కింద పనిచేసేవారు ఉంటారు. క్లాంపును పట్టుకుని పైపును ఎత్తటం ఎవరు చేసినా ఆపండి. అది పట్టి ఉంచటానికి చేసినది, మోయటానికి కాదు.

4.8 అభ్యాసం

1. ఐ.ఎస్. 1239 ప్రకారం 125 మి.మీ. పైపు బయటి వ్యాసం 139.7 మి.మీ. అమెరికన్ కొలతలో అయిదు అంగుళాల ఎల్బోది 141.3 మి.మీ. రెండింటినీ 90 డిగ్రీల యాంగిల్‌లో పెడితే కేంద్రాల మధ్య తేడా ఎంత? యాంగిల్‌ను 120 డిగ్రీలకు విప్పితే ఎంత? చుట్టుకొలతల తేడా ఎంత?

2. మీరు పనిచేసే చోట లేదా మీ వీధిలో పైపు పని జరుగుతుంటే, అనుమతి అడిగి, వెల్డింగ్ కాని రెండు కొసల చుట్టుకొలతలు కొలవండి. ఏ క్లాంపు వాడుతున్నారో, మీరైతే ఏది వాడేవారో కారణంతో సహా ఒక పేజీలో రాయండి.

మొదటి ప్రశ్నకు జవాబులు: 1.13 మి.మీ., 0.92 మి.మీ., 5 మి.మీ.