మధ్యతరగతిని కొలిచేదెలా?

మనవలూ, మనవరాళ్లూ! "మీరే తరగతి?" అని అడిగితే చిన్న కొట్టు నడిపేవారూ, కార్లలో తిరిగేవారూ కూడా "మధ్యతరగతేనండీ" అంటారు. మరి ఆ మధ్య ఎక్కడ మొదలవుతుంది, ఎక్కడ ఆగుతుంది? చెబుతా వినండి.

దాదాపు 2300 ఏళ్ల కిందటే గ్రీకు పండితుడు అరిస్టాటిల్ ఈ సంగతి ఆలోచించాడు. మరీ కలవారూ, మరీ లేనివారూ కాని నడిమివాళ్లు ఎక్కువగా ఉన్న రాజ్యమే నిలకడగా ఉంటుందన్నాడు. ఆయన చూసింది ఆస్తిని.

తర్వాత యూరప్‌లో లెక్క మారింది. పైన భూములున్న ప్రభువులు, కింద పొలం దున్నే రైతులు. ఈ రెండింట్లోనూ చేరని పట్నపు వర్తకులు, వకీళ్లు మధ్యవాళ్లయ్యారు. వాళ్లలో కొందరికి ప్రభువులను మించిన డబ్బుండేది, పుట్టుకతో వచ్చే హోదా మాత్రం లేదు. ఆవిరి యంత్రాలతో మిల్లులు నడిచాక వాళ్ల మాటకు బలమొచ్చింది. 1832లో బ్రిటన్, పట్టణాల్లో ఏడాదికి 10 పౌన్ల అద్దె పలికే ఇంట్లో ఉండే మగవాళ్లకు ఓటిచ్చింది.

మన దేశంలో మధ్యతరగతికి బాట వేసింది ముఖ్యంగా చదువు, సర్కారు కొలువు. 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసుల్లో విశ్వవిద్యాలయాలు వెలిశాయి. గుమాస్తాలు, ప్లీడర్లు, పంతుళ్లతో కొత్త మధ్యతరగతి పెరిగింది.

ఇప్పుడు ఆర్థికవేత్తలు ఆదాయాన్ని చూస్తున్నారు. జనాన్ని ఆదాయం వరసలో నిలబెట్టి, సరిగ్గా నడుమనున్న మనిషి ఆదాయం తీసుకుంటారు. దానిలో ముప్పావు వంతు నుంచి దానికి రెట్టింపు దాకా ఉన్నవారే మధ్యతరగతి అని, ఎక్కువగా సంపన్న దేశాలున్న ఓఈసీడీ కూటమి లెక్క.

నాకు నచ్చిన కొలత ఇంకోటుంది. 1857లోనే ఎర్నెస్ట్ ఎంగెల్ అనే జర్మన్ గణాంకవేత్త బెల్జియం కార్మికుల ఇంటిఖర్చులు పరిశీలించి ఒక సూత్రం చెప్పాడు. రాబడి పెరిగేకొద్దీ మొత్తం ఖర్చులో తిండి వాటా తగ్గుతుంది. కడుపు పట్టేది ఎంతో అంతే కదా! మన పల్లెల్లో 1999-2000లో ప్రతి 100 రూపాయల ఖర్చులో సుమారు 59 తిండికే పోయేవి. 2022-23కి అవి 46కు తగ్గాయి. పట్టణాల్లో 48 నుంచి 39కి దిగాయి.

అలా మిగిలిన రూపాయే పిల్లల ఫీజవుతుంది, బండి వాయిదా అవుతుంది. కానీ ఒక్క ఆస్పత్రి బిల్లుతో అప్పులపాలయ్యే ఇంటిని, ఆదాయం ఎంతున్నా, మధ్యతరగతి అనడానికి నాకు మనసొప్పదు. కష్టమొచ్చినా కిందికి జారకుండా నిలబడగలగాలి. అందుకే మంచి సర్కారు బడి, మంచి సర్కారు ఆస్పత్రి అందరికీ కావాలి.

ఈ నెల మీ ఇంటి ఖర్చులు అమ్మానాన్నలతో కూర్చుని రాయండి. తిండికి ఎంత, ఆపదకు దాచింది ఎంత? ఆ రెండు అంకెలే మీ ఇల్లు ఎక్కడుందో చెబుతాయి.