నత్త పిల్లలు కావాలంటే అద్దం మరీ తుడవకండి!

ఇంట్లో ఉప్పునీటి ఆక్వేరియం ఉంటే గృహిణికి ఒక పని అదనం. అద్దం మీద పచ్చటి పాచి కనిపిస్తే చాలు, తుడిచేదాకా చెయ్యి ఊరుకోదు. ఆ శ్రమ తగ్గుతుందనే చాలామంది సముద్రపు నత్తల్ని తెచ్చి ట్యాంకులో వేస్తారు. అవి పాచిని మేస్తూ అద్దాన్నీ రాళ్ళనీ శుభ్రంగా ఉంచుతాయి. మీరు గమనించారో లేదో, ఆ నత్తలు మీ ట్యాంకులోనే గుడ్లు కూడా పెడతాయి. కానీ పిల్లలు మాత్రం దక్కవు. చాలాసార్లు దానికి కారణం మన శుభ్రతే!

ఏ నత్తలు మంచివి?

మొదటిసారి పెంచేవారికి ట్రోకస్ నత్తలు అనువైనవి. గోపురంలా ఉండే ఈ నత్తలు బోర్లా పడినా వాటంతటవే లేస్తాయి. పూర్వం చొక్కాలకు కుట్టే ముత్యపు మెరుపు బొత్తాలు పెద్ద ట్రోకస్ గుల్లలతోనే చేసేవారు. వీటిలో ఆడ, మగ వేరువేరు. పైకి చూసి మాత్రం ఏది ఏదో చెప్పలేం. అందుకే ఒక్కటి, రెండూ కాకుండా ఐదారు కలిపి వేసుకోండి. గోరులాంటి పలచటి గుల్ల ఉండే స్టొమటెల్లా దొరికితే మరీ మంచిది. మన ప్రమేయం లేకుండానే ట్యాంకులో సంతతి పెంచుకుంటుంది.

నీళ్ళ సంగతి

వంటింటి ఉప్పు, రాళ్ళుప్పు పనికిరావు. ఆక్వేరియం షాపుల్లో అమ్మే సముద్రపు ఉప్పు మిశ్రమాన్నే ఆర్‌వో నీళ్ళలో కలపాలి. లీటరుకు సుమారు 35 గ్రాములు. హైడ్రోమీటర్‌తో చూస్తే 1.025 దగ్గర ఉండాలి. కొత్త ట్యాంకైతే నాలుగు నుంచి ఆరు వారాలు ఆగి, అమ్మోనియా లేదని పరీక్షించాకే నత్తల్ని వేయండి. నీళ్ళు ఆవిరైనప్పుడు ఉప్పు ట్యాంకులోనే మిగిలిపోతుంది. కాబట్టి తగ్గిన మేరకు మంచినీళ్ళే పోయాలి, ఉప్పునీళ్ళు పోయకూడదు.

గుల్ల పెరగడానికి కాల్షియం కావాలి. లీటరుకు 400 నుంచి 450 మిల్లీగ్రాముల దాకా ఉండేట్టు కిట్‌తో చూసుకోండి.

రాగి బిందె దూరం!

రాగి బిందెలో నీళ్ళు మన ఒంటికి మంచివని తాగుతాం. నత్తకు మాత్రం రాగి విషం. కొద్దిపాటి రాగి కలిసినా చచ్చిపోతాయి. రాగి చెంబు, ఇత్తడి గిన్నె ట్యాంకులో ముంచకండి. చేపల జబ్బులకు వాడే కొన్ని మందుల్లోనూ రాగి ఉంటుంది. సీసా మీద చదవకుండా ఏ మందూ వేయకండి. చేతికి సబ్బు, నూనె, క్రీము లేకుండా చూసుకోండి. ట్యాంకున్న గదిలో దోమల మందు పిచికారీ చేయకండి.

గుడ్లు పెట్టే రాత్రి

ట్రోకస్‌లు ఎక్కువగా చీకటి పడ్డాక గుడ్లు వదులుతాయి. నత్తలు అద్దం పైకి పాకి తెల్లటి పొగలాంటిది వదులుతుంటే, నీళ్ళు పాలు కలిపినట్టు మసకబారుతుంటే కంగారుపడి మొత్తం మార్చేయకండి. అవే గుడ్లు, మగనత్తల బీజం. వెంటనే ఫిల్టరు, స్కిమ్మరు ఆపండి. లేకపోతే గుడ్లన్నీ పంపులోకి పోతాయి. గాలి బుడగల రాయి మాత్రం నడవనివ్వండి.

కొత్త ప్లాస్టిక్ టబ్బులోకి ఆ నీళ్ళు పది లీటర్లు తీసుకోండి. గుడ్లు మెల్లగా అడుక్కి దిగుతాయి. బియ్యం కడిగి కడుగు వంచినట్టు పైనీళ్ళు నిదానంగా వంచేసి, అంతే ఉప్పు, అంతే వెచ్చదనం ఉన్న కొత్త సముద్రపు నీళ్ళు పోయండి. గాలి బుడగలు చాలా సన్నగా రానివ్వండి. ఇక్కడ టబ్బు పని అయ్యాక పెద్ద ట్యాంకులో ఫిల్టరు మళ్ళీ వేయడం మరవకండి. మసక నీళ్ళు అలాగే ఉంటే చేపలకు ఇబ్బంది.

పాచే పాలు

పన్నెండు గంటలకల్లా గుడ్ల నుంచి కంటికి ఆనని లార్వాలు బయటికొస్తాయి. మూడు నాలుగు రోజులు ఏమీ తినకుండా ఈదుతాయి. తర్వాత ఎక్కడైనా అతుక్కుని మేత మొదలుపెడతాయి. ఆ మేత పలచటి పాచి పొర. దీన్ని ముందే సిద్ధం చేసుకోవాలి. రెండు మూడు తెల్లటి టైల్ ముక్కల్ని ట్యాంకులో లైటు కింద రెండు మూడు వారాలు ఉంచితే గోధుమరంగు పొర పడుతుంది. మూడోరోజున వాటిని టబ్బులో పెట్టండి. ట్రోకస్ పిల్లల్ని పెంచే హేచరీల్లో చేసేదీ ఇలాంటి పనే.

ఇక తుడవడం, కడగడం వద్దు. కొద్ది కొద్దిగా నీళ్ళు మాత్రం మార్చండి. మొదట గసగసాలంత, ఆపై ఆవగింజంత గుల్లలు టైల్ మీద కనిపిస్తాయి. వేలెడు దూరంలో పెట్టి చూస్తే గాని తెలియవు. పెద్ద ట్యాంకులోకి మార్చేటప్పుడు సన్యాసి పీతలు, నత్తల్ని తినే చేపలు లేకుండా చూసుకోండి. అప్పుడు కూడా ముందు అద్దం ఒక్కటే తుడిచి, మిగతా మూడు వైపులా పాచి వదిలేయండి.

వేసవిలో జాగ్రత్త

నీళ్ళు 24 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలి. మన మే నెల ఎండలకు ట్యాంకు నీళ్ళు 30 దాటడం ఖాయం. చిన్న ఫ్యాను నీటి మీదికి తిప్పితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. కరెంటు పోయినప్పుడు పనికొచ్చేలా బ్యాటరీతో నడిచే గాలి పంపు ఒకటి ఉంచుకోండి.

సముద్రం ఒడ్డు నుంచి తేకండి

విశాఖ, కాకినాడ వెళ్ళినప్పుడు బతికున్న నత్తల్ని పిల్లలు ఏరుకొస్తే వద్దనండి. కోన్ నత్తల్లో కొన్ని కుట్టి మనుషుల ప్రాణాలు తీసిన దాఖలాలున్నాయి, వాటి విషానికి విరుగుడు మందు లేదు. పైగా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద 2001లో పగడాలతో పాటు కొన్ని సముద్రపు నత్తల్నీ రక్షిత జాబితాలో చేర్చారు. పెద్ద ట్రోకస్ కూడా అందులో ఉంది. కాబట్టి నమ్మకమైన షాపులో ఏ రకమో, ఎక్కడ పెంచారో అడిగి, బిల్లుతో కొనండి. మీ దగ్గర పిల్లలు ఎక్కువైతే ట్యాంకున్న స్నేహితులకు ఇవ్వండి గాని సముద్రంలో వదలకండి.

వేల గుడ్లలో పది పిల్లలు దక్కినా మొదటిసారికి గొప్పే. ఈసారి నత్తలు నీళ్ళు మసకబార్చిన రాత్రి టబ్బు, టైల్ ముక్కలు మీ చేతికందేలా ఉంచుకోండి, ఓపిగ్గా ప్రయత్నించి చూడండి.