వాన ఊరికి కూడు పెట్టిన నవల

అమెరికా వాయవ్య మూలన, వాషింగ్టన్ రాష్ట్రంలో ఫోర్క్స్ అనే చిన్న ఊరుంది. జనాభా 3,500 లోపే. ఏటా 100 అంగుళాలకు పైగా వాన. అడవి కలపే ఆధారం. 1990 తర్వాత గుడ్లగూబల రక్షణ పేరిట ప్రభుత్వం చెట్ల నరికివేతను కట్టడి చేసింది. కూలీలకు పని కరువైంది.

ఆ ఊరిని ఒక నవల ఆదుకుంది. ఎండలు మండే అరిజోనాలో ఉండే స్టెఫనీ మేయర్ రాసిన ‘ట్విలైట్’ 2005లో వెలువడింది. బడి పిల్ల బెల్లాకూ, రక్తపిశాచి కుర్రాడు ఎడ్వర్డ్‌కూ మధ్య ప్రేమకథ అది. ఎండ పొడ తగలని ఊరు కావాలని వెదికి ఆమె ఫోర్క్స్‌ను ఎంచుకున్నారు. అప్పటికి ఆ ఊరు చూడనే లేదు!

ఈ వరుస నవలలు 10 కోట్ల ప్రతులకు పైగా అమ్ముడయ్యాయి. విమర్శకులు మాత్రం ఊరుకోలేదు. ఆమెకు రాయడం రాదని భయానక నవలల రచయిత స్టీఫెన్ కింగ్ 2009లో తేల్చేశారు. నిద్రపోతున్న పిల్ల గదిలోకి చెప్పకుండా దూరడం ప్రేమెలా అవుతుందని మరికొందరు నిలదీశారు. అయినా పాఠకులు ఫోర్క్స్‌కు తరలివచ్చారు. బెల్లా తోలినలాంటి పాత ఎర్ర ట్రక్కు పక్కన ఫొటోలు దిగారు. లాడ్జీలు, దుకాణాలు కళకళలాడాయి.

పక్కనే సముద్రపు ఒడ్డున ఉండే క్విల్యూట్ గిరిజనుల సంగతి వేరు. తమ మూలపురుషులు తోడేళ్లని వారి పురాణం. నవల వారిని తోడేళ్లుగా మారే మనుషులను చేసింది. వారి పేరు వాడుకున్న సరుకుల లాభం మాత్రం వారికి దక్కలేదు. వారి అసలు భయం సునామీ. మెరక భూమి కోసం ఏళ్ల తరబడి అడగగా 2012లో చట్టం వచ్చింది. నవలలో ఆ ఊసే లేదు.