రక్తపోటు, గుండెనొప్పి మందులు పనిచేసే విధానం

ధమనులలో అధికమైన రక్తపు ఒత్తిడిని తగ్గించే ఔషధాలను రక్తపోటు మందులు అంటారు. వీటిలో కొన్ని ఆంజైనా అనే గుండెనొప్పికి కూడా ఉపయోగపడతాయి. ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి లంక గ్రామాలలో వీటన్నిటినీ "బి.పి. బిళ్ళలు" అనే అంటారు. కాని ఇవి ఒకే రకం మందులు కావు. కొన్ని నొప్పిని నిమిషాలలో తగ్గిస్తాయి. కొన్ని ఏ లక్షణమూ లేని వ్యక్తిని ఏళ్ళ తరబడి కాపాడతాయి.

ప్రాంతీయ నేపథ్యం

ఉభయ గోదావరి జిల్లాలలోని 45 గ్రామాలలో 2003-2004 కాలంలో సంభవించిన మరణాల కారణాలను పరిశోధకులు సేకరించారు. 2006లో ప్రచురితమైన ఆ ఫలితాల ప్రకారం దాదాపు మూడో వంతు మరణాలకు గుండె, రక్తనాళాల వ్యాధులే కారణం. ఇవి పట్టణాలలోని సంపన్నుల వ్యాధులన్న అభిప్రాయం సరికాదని దీనివలన తెలుస్తుంది. ఇక్కడి ఆహారంలో భాగమైన ఊరగాయలు, ఉప్పుచేపలలో ఉప్పు ఎక్కువ. ఉప్పు ఎక్కువైతే శరీరంలో నీరు నిలిచి రక్తపోటు పెరుగుతుంది.

నొప్పికి కారణం

గుండె కండరం నిరంతరం పనిచేయడానికి ఏ.టి.పి. అనే పదార్థం శక్తినిస్తుంది. భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు, సైరస్ ఫిస్కేతో కలిసి 1929లో కండరాలలో దీనిని గుర్తించారు. ఏ.టి.పి. తగినంత తయారు కావాలంటే ప్రాణవాయువు అందాలి. హృద్ధమనులు సన్నబడినపుడు, శ్రమ చేసే సమయంలో గుండెకు చాలినంత ప్రాణవాయువు అందక ఛాతీలో బిగింపు, నొప్పి కలుగుతాయి. ఇదే ఆంజైనా.

మందుల రకాలు

నైట్రేట్లు: నైట్రోగ్లిసరిన్ శరీరంలో నైట్రిక్ ఆక్సైడ్‌ను విడుదల చేసి సిరలను వ్యాకోచింపజేస్తుంది. గుండెకు తిరిగి వచ్చే రక్తం తగ్గి, దాని పని తేలికవుతుంది. హృద్ధమనులు కూడా కొంత విప్పారతాయి. మింగితే ఈ మందు కాలేయంలో చాలావరకు నశిస్తుంది. అందుకే మాత్రను నాలుక కింద ఉంచుకోవాలి.

బీటా నిరోధకాలు: అటెనొలాల్, మెటోప్రొలాల్ గుండె వేగాన్ని, సంకోచ బలాన్ని తగ్గిస్తాయి. ఈ రకపు మొదటి మందులను 1960లలో రూపొందించిన జేమ్స్ బ్లాక్‌కు 1988లో నోబెల్ బహుమతి లభించింది.

కాల్షియం మార్గ నిరోధకాలు: ఆమ్లోడిపిన్ రక్తనాళాల గోడలలోని కండరాన్ని సడలిస్తుంది. కొందరికి పాదాలు వాస్తాయి.

ఏ.సి.ఇ. నిరోధకాలు: ఎనలాప్రిల్, రామిప్రిల్ రక్తనాళాలను బిగించే ఆంజియోటెన్సిన్ తయారీని అడ్డుకుంటాయి. బ్రెజిల్‌లోని ఒక పాము విషంపై జరిగిన పరిశోధన నుండి ఈ రకపు మందులు వచ్చాయి. వీటివలన పొడిదగ్గు వస్తే లోసార్టాన్, టెల్మిసార్టాన్ వంటివి ఇస్తారు. గర్భిణులు ఈ రెండు రకాలనూ వాడరాదు.

మూత్రవర్ధకాలు: హైడ్రోక్లోరోథయజైడ్, క్లోర్థాలిడోన్ ఉప్పును, నీటిని మూత్రం ద్వారా వెలుపలికి పంపుతాయి.

జాగ్రత్తలు

* అధిక రక్తపోటు సాధారణంగా బాధ కలిగించదు. కొలత మామూలుగా ఉన్నదంటే వ్యాధి పోయిందని కాదు, మందు పనిచేస్తున్నదని అర్థం. అప్పుడు మందు మానివేస్తే రక్తపోటు మళ్ళీ పెరిగి పక్షవాతానికి, మూత్రపిండాల వ్యాధికి దారితీయవచ్చు.
* బీటా నిరోధకాలను హఠాత్తుగా ఆపితే గుండెనొప్పి తీవ్రం కావచ్చు, గుండెపోటు కూడా రావచ్చు.
* నాలుక కింది మాత్రను కూర్చుని వాడాలి. నిలబడి ఉంటే కళ్ళు తిరిగి పడిపోవచ్చు. ఐదు నిమిషాలలో నొప్పి తగ్గకపోతే వెంటనే 108కి ఫోన్ చేయాలి. రోడ్డుకు దూరంగా ఉండే లంక గ్రామాలవారు ఇంకొంత సేపు చూద్దామని ఆలస్యం చేయరాదు.
* సిల్డెనాఫిల్ వాడేవారు నైట్రేట్లు తీసుకుంటే రక్తపోటు ప్రాణాపాయంగా పడిపోతుంది.
* మూత్రవర్ధకాలు వాడేవారు వేసవిలో వాంతులు, విరేచనాలు అయినపుడు వైద్యుని సంప్రదించాలి.
* ఒకరికి ఇచ్చిన మందును అదే జబ్బున్న మరొకరు వాడరాదు. ఆస్తమా ఉన్నవారికి బీటా నిరోధకాలు ఊపిరాడని స్థితి కలిగించవచ్చు.